దొరగారి మౌనం

ఫోను మోగేసరికి మెట్లాయన స్నానాలగదిలో కారుతున్న కుళాయికి గుడ్డపేలిక చుడుతున్నాడు. ముందుగదిలో భార్య ఫోనెత్తింది. "ఎవరండీ?" అన్నంతవరకూ ఆమె గొంతు మామూలుగానే ఉంది. ఆ వెంటనే "అయ్యో, మీరా!" అంది. ఎప్పుడో బీరువా అడుగున దాచి మరిచిపోయిన వెండిగిన్నెని పైకి తీసి తుడిచినట్టు ఆ గొంతు ఒక్కసారిగా తళుక్కుమంది. కుళాయి దగ్గర చేతులు ఆగిపోయాయి. ఆ "మీరా" ఎవరికో అడక్కుండానే తెలుసాయనకి. పెళ్లయిన ఇన్నేళ్లలో తనని చూసి ఆమె ఒక్కసారైనా అలా అనలేదు. రోజూ ఇంట్లోనే ఉండే మనిషిని పట్టుకుని "అయ్యో, మీరా" అని ఎవరైనా ఎందుకంటారన్నది మాత్రం తోచలేదు. కుళ్లుబోతుతనానికి అంత తీరిక ఉండదు.

"దొరగారు," అంది ఆమె తలుపు దగ్గరికొచ్చి.

"ఏవంటాడు?"

"అంటాడు కాదు, అంటారు."

"సరే, ఏవంటారు మహాప్రభువులు?"

"మన నాటకం సినిమాగా వచ్చింది కదా. ఆదివారం మధ్యాహ్నం ఆటకి పాతవాళ్లని పిలుస్తున్నారట. నన్ను తప్పకుండా రమ్మన్నారు."

"నిన్ను."

"మీ ఆయన్ని కూడా తీసుకురా అన్నారు."

గొడుగు కూడా తెచ్చుకో అన్నట్టు వినిపించిందాయనకి. పేలికని బిర్రుగా లాగి ముడేశాడు. కుళాయి మునుపటికంటే ఎక్కువ కారడం మొదలెట్టింది.

దొరంటే నిజం దొరేం కాదు. ఓ గుమాస్తా కొడుకు. గొంతు బాగుంది, ఎత్తుగా ఉన్నాడు, నిలబడితే నలుగురూ చూసేలా నిలబడటం వచ్చు. ఆ రోజుల్లో వాళ్ల ఊరి నాటకశాలలో 'లాంతరు దొర' అని ఓ పాటల నాటకం ఏళ్ల తరబడి ఆడింది. అందులో నాయకుడి వేషం అతనిదే. నాటకం ఆగిపోయినా పేరు ఆగలేదు. ఉత్తరాలు పంచే మనిషి దగ్గర్నుంచి జుట్టు కత్తిరించే మనిషి దాకా అందరికీ దొరగారే. అదే నాటకం మన మనిషికి కూడా ఓ పేరు పెట్టింది. ఒకే మెట్లు ఇద్దరికీ. పైన నిలబడినవాడు దొరయ్యాడు, కింద తోసినవాడు మెట్లాయనయ్యాడు.

కథ పెద్దదేం కాదు. డబ్బున్న దొర ఒకడు, పైకిటికీలో కనిపించే ఓ పిల్ల కోసం వీధిదీపాలు వెలిగించే కూలివాడిలా వేషం మార్చుకుని రోజూ ఆ వీధికొస్తాడు. ఆఖరి రంగంలో ధైర్యం చేసి, పాడుతూ మెట్లెక్కి, కిటికీ దగ్గరికెళ్లి లాంతరు ఆ పిల్ల చేతికిస్తాడు. అయితే నాటకశాల చిన్నది. కిటికీ ఓ మూల, దొర రెండో మూల. అందుకని ఆ రంగానికి మెట్లే నడవాలి. చక్రాలమీద చెక్కమెట్లు కట్టి, పైన గుడ్డ చుట్టి, రాయిలా రంగేశారు. దొర పాడుతూ ఒక్కొక్క మెట్టే ఎక్కుతుంటే ఆ మెట్లు పడవలా తేలుతూ, మెల్లిగా తిరుగుతూ, కిటికీ వైపు వెళ్లేవి. జనం నోళ్లు తెరుచుకుని చూసేవాళ్లు. ఆ మెట్ల కడుపులో నడుం వంచుకుని ఓ మనిషున్నాడని వాళ్లకి తెలియకూడదు. తెలియనివ్వకపోవడమే ఆ పనిలో పనితనం.

లోపల జిగురు వాసన, రంపపుపొట్టు, ఉక్క. భుజం ఆనించి తోస్తూ తలెత్తితే చెక్కల సందుల్లోంచి దొర బూట్ల అడుగులు కనిపించేవి. దొరగారి పాట గురించి ఊరంతా చెప్పుకునేది. మెట్లాయన చూసిందల్లా ఆ బూట్ల అడుగులే. ఎడమదానికి మడమ అరిగింది. అంతకుమించి ఆ మహానుభావుడి వైభవం ఆయనకి దక్కలేదు.

పక్క చెక్కలో ముడి ఊడిపోయి ఓ కన్నం పడింది. అందులోంచి చూస్తే తెర పక్కన నిలబడే చోటు కనిపించేది. అక్కడ ఆమె ఉండేది. దుస్తులగదిలో కుట్టుపని, ఇస్త్రీ ఆమెవి. నోట్లో గుండుసూదులు కరిచిపట్టుకుని, భుజాన దొర రెండో అంగీ వేసుకుని, తలెత్తి పైకి చూస్తూ ఉండేది. లాంతరు వెలుగు ఆమె చెంప మీద పడేది. ఆ మొహం చూడటం కోసమే మెట్లాయన ఆ కన్నాన్ని పూడ్చలేదు. ఆ మొహం చూసే ఆయన కడుపు భగ్గుమనేది.

ఎందుకంటే అంతకు ముందే ఆయన ఆమెని అడిగాడు. పెద్దగా మాటలేం లేవు. బరువైన ఇస్త్రీపెట్టె మేడమీదకి మోసిపెడుతూ, మెట్ల మలుపు దగ్గర ఆగి, "నన్ను చేసుకుంటావా?" అన్నాడు. ఆమె ఇస్త్రీపెట్టె వైపు చూసి, "ముందది దించు, చెయ్యి కాలుతుంది," అంది. దించాక, "చూద్దాం," అంది. ఆ "చూద్దాం" నెలల తరబడి వేలాడింది. ఈలోపు ఆమె చూస్తున్నదేమో రోజూ దొరని. పైగా ఆ దొరని తన భుజంతో తోసి, తన చెమటోడ్చి, సరిగ్గా ఆమె కళ్లముందు దాకా తీసుకెళ్తున్నది ఎవరు? తనే. పగవాడిని పల్లకీలో మోసుకెళ్లి పెళ్లిపీటల మీద దించుతున్నట్టుండేది.

ఓ సాయంత్రం ఇక ఆగలేకపోయాడు. మెట్లు కిటికీకి చెయ్యి చాపినంత దూరంలో ఉన్నాయి. పాట ఆఖరి చరణంలో ఉంది. ఆయన కాలి చెప్పు తీసి ముందు చక్రం కింద దోపాడు. రబ్బరు చెప్పు. మెట్లు గప్పున ఆగాయి. పైన దొర తూలి నిలదొక్కుకున్నాడు. డోలు ఆగింది, ఫిడేలు ఆగింది. చావు, అనుకున్నాడు మెట్లాయన చీకట్లో గొంతుక్కూర్చుని. చేతిలో లాంతరుతో గుడ్లప్పగించి చావు. ఆమె చూస్తుండగా.

దొర నోరు తెరవలేదు. చాలాసేపు, ఊపిరి బిగబట్టాల్సినంతసేపు, ఏ చప్పుడూ లేదు. తరవాత వాయిద్యమేదీ లేకుండా, మాట్లాడుతున్నంత మెల్లిగా, ఆఖరి పంక్తి పాడి, అందని కిటికీ వైపు వంగి లాంతరు చాపాడు. అటునుంచి పిల్ల కూడా ఒంగి చెయ్యి చాపింది. ఆ చేతికీ ఈ లాంతరుకీ మధ్య జానెడు చోటుండిపోయింది. తెర పడింది. ఆ తరవాత నాటకశాల కప్పెగిరిపోయేలా చప్పట్లు.

నాటకం నడిపించే మాష్టారు పరిగెత్తుకొచ్చి దొరని కౌగిలించుకున్నాడు. కిందికి వంగి, "ఏమైందయ్యా?" అన్నాడు. "చక్రం ఇరుక్కుందండీ," అన్నాడు మెట్లాయన. "రేపట్నుంచి రోజూ అక్కడే ఇరుక్కోవాలి," అన్నాడు మాష్టారు.

అలా ఇరుక్కుంది. చెప్పు చక్రం కింద చితికిపోయి, దాని బదులు ఓ చెక్కముక్క వచ్చింది. ఆ నాటకం ఆడినన్నాళ్లూ, శత్రువు పరువు తియ్యడానికి పన్నిన పన్నాగాన్ని రోజూ తన చేతులతోనే చేసి, రోజూ ఆ శత్రువుకి చప్పట్లు కొట్టించాడు. పత్రికలవాళ్లు దానికి 'దొరగారి మౌనం' అని పేరు పెట్టారు.

ఆ తరవాత కొన్నాళ్లకి దొరకి ఓ పెద్దింటి సంబంధం కుదిరిందని తెలిసింది. అదే వారం ఆమె దుస్తులగది గుమ్మంలో నిలబడి, "సరే," అంది. "ఏంటి సరే?" అన్నాడు మెట్లాయన. "మర్చిపోయావా? అయితే వద్దులే." మర్చిపోలేదు. కానీ ఆ రెండు కబుర్లూ ఒకే వారం ఎందుకొచ్చాయన్నది ఆయన గుండెలో ముల్లులా దిగింది. పెళ్లయింది, కూతురు పుట్టింది, ఆ కూతురికీ పెళ్లయి పక్క వీధిలోనే కాపురం పెట్టింది. ముల్లు మాత్రం కదల్లేదు. ఆయన దొరక్క నన్ను చేసుకుందా? అడగొచ్చు. అడిగితే జవాబు చెబుతుందనే భయం.

పోయినేడు దొర భార్య పోయింది. పలకరించడానికి ఇద్దరూ వెళ్లొచ్చారు. ఆ తరవాత కొన్నాళ్లపాటు మెట్లాయనకి తిండి సహించలేదు. "ఎంత జాలి గుండె మా నాన్నది!" అని కూతురు అందరికీ చెప్పింది.

ఆదివారం పొద్దున భార్య తలకి రంగేసుకుంది. అద్దం ముందు పాత తువ్వాలు భుజాలమీద కప్పుకుని, చిన్న కుంచెతో, చెవుల వెనక కూడా వదలకుండా వేసుకుంది.

"సినిమా హాల్లో చీకటి కదా?" అన్నాడు మెట్లాయన గుమ్మానికి ఆనుకుని.

"అయితే?"

"ఏం లేదు. తల నెరిస్తే కనపడదని."

"నీ చొక్కా ఇస్త్రీ చేశాను, ఆ కుర్చీ మీదుంది. మళ్లీ ఆ గళ్లది వేసుకొస్తే నీ పక్కన కూర్చోను."

"నువ్వు కూర్చునేది ఎలాగూ మహాప్రభువుల పక్కనేగా."

ఆమె కుంచె ఆపి అద్దంలోంచి ఆయన్ని చూసింది. "పొద్దున్నే మొదలెట్టావా?" అంది. కోపంగా కాదు. వాన పడుతోందా అని అడిగినట్టు.

సినిమా హాలు ముందు జనం బాగానే ఉన్నారు. గోడంత బొమ్మలో లాంతరు పట్టుకున్న ఓ కుర్రవాడు, కిందెక్కడో చీమంత అక్షరాల్లో పాత నాటకం ప్రసక్తి. దొర అప్పటికే వచ్చి నిలబడున్నాడు. చేతికర్ర, మెడకి పట్టు రుమాలు, గంధం వాసన. నడుం ఇంకా వంగలేదు. ఆ సంగతి మెట్లాయన అన్నిటికంటే ముందు చూశాడు. మెట్ల కింద వంగిన నడుం వంగింది, మెట్లమీద నిలబడ్డ నడుం నిలబడింది, అనుకున్నాడు.

"రా అమ్మాయ్!" అన్నాడు దొర రెండు చేతులూ చాపి. మనవలున్న ఆడమనిషిని పట్టుకుని అమ్మాయట. ఆమె నవ్వింది. "ఏమోయ్ మెట్లూ! ఇంకా తోస్తున్నావా?"

"తోసేందుకు ఎవరూ ఎక్కట్లేదండీ," అన్నాడు మెట్లాయన.

దొర ఫక్కున నవ్వి వీపు మీద తట్టాడు. నవ్వు కూడా బాగుంటుంది వెధవకి.

అనుకున్నట్టే అయింది. దొర పక్కన ఆమె, ఆమె పక్కన నడవా వైపు మెట్లాయన. దీపాలార్పకముందే దొర జేబులోంచి పిప్పరమెంటు బిళ్లల డబ్బీ తీసి ఆమెకందించాడు. ఆమె ఒకటి తీసుకుని, ఇంకోటి తీసి మెట్లాయన చేతిలో పెట్టింది. ఆయన దాన్ని చప్పరించలేదు. పిడికిట్లో పట్టుకుని కూర్చున్నాడు. సగం సినిమా అయ్యేసరికి అది అరచేతికి అతుక్కుపోయింది.

సినిమా మొదలయింది. వీధంటే నిజం వీధి, మైలు పొడుగుంది. వానంటే నిజం వాన. కుర్రవాడు పాడుతుంటే గుర్రపు బళ్లు పోతున్నాయి, పావురాలు లేస్తున్నాయి. ఆమె ఎన్నిసార్లు "అబ్బ!" అందో మెట్లాయన లెక్కపెట్టలేదు కానీ ప్రతి "అబ్బ"కీ కాస్త కుంగాడు. ఇంతమందిమి కలిసి గుడ్డమీద రంగులు పూసి, గొంతులు చించుకుని చేసిందాన్ని ఈ యంత్రమేదో ఒక్క ఊపులో చేసేస్తోంది. దొర మీది కుళ్లు కాసేపు పక్కకి జరిగి, తెరమీద కుర్రవాడి మీదకి మళ్లింది. ఆ కుర్రవాడి బూట్లు చూశాడు. కొత్తవి. మడమలు అరగలేదు.

విశ్రాంతిలో దొర ఆమెవైపు వంగి, "ఆ అబ్బాయి మా ఇంటికొచ్చాడు తెలుసా?" అన్నాడు. "సార్, ఆ మౌనం నేర్పండి అని కాళ్ల దగ్గర కూర్చున్నాడు. నేర్పితే వచ్చేది కాదు నాయనా, అది లోపలినుంచి రావాలి అన్నాను."

"కిందనుంచి," అని గొణిగాడు మెట్లాయన.

"ఏంటి?"

"ఏం లేదు. కింద చల్లగా ఉంది."

ఆఖరి రంగం వచ్చింది. మెట్లాయన కూర్చున్న చోటే వంగాడు. ఏళ్లు గడిచినా ఆ పాట ఎత్తుకోగానే భుజం దానంతటదే ముందుకొచ్చింది. తెరమీద మెట్లు నిజం రాతిమెట్లు. గోడలో కట్టినవి. కదలవు, తిరగవు, తొయ్యక్కర్లేదు. కుర్రవాడు చకచకా ఎక్కేస్తున్నాడు. ఇంకేముంది, నేరుగా కిటికీలోకి దూరిపోతాడు, అనుకున్నాడు. అలా అనుకోగానే ఏదో పోయినట్టు గుండె చివుక్కుమంది. రాతిమెట్లు ఆగవు కదా. అవి ఎక్కడికీ వెళ్లట్లేదు కదా ఆగడానికి.

కుర్రవాడు ఆగాడు.

పాట తెగింది. హాలంతా చప్పుడు లేదు. కెమెరా మెల్లిగా కిందికి దిగింది. కిటికీ ముందు పై మెట్లు లేవు. విరిగిపోయి ఉన్నాయి. కావాలనే, కుర్రవాడికి అందకుండా, సరిగ్గా చెయ్యి చాపినంత మేర రాతిని విరగ్గొట్టి పెట్టారు. కుర్రవాడు చాలాసేపు నిలబడి, మాట్లాడుతున్నంత మెల్లిగా ఆఖరి పంక్తి పాడి, లాంతరు చాపాడు. ముందు వరసలో ఎవరో వెక్కారు.

మెట్లాయనకి ఒళ్లంతా చెమట పట్టింది. మహామహులంతా కూర్చుని, ఇంత ఖర్చు పెట్టి, నిక్షేపంగా ఉన్న మెట్లని విరగ్గొట్టారు. ఎందుకు? ఓ పాత రబ్బరు చెప్పు కోసం. ఆ సంగతి వాళ్లకీ తెలియదు. పక్కన కళ్లు తుడుచుకుంటున్న దొరకీ తెలియదు. భూప్రపంచంలో తనకొక్కడికే తెలుసు. జీవితం మొత్తంలో తను చేసిన ఒకే ఒక్క గొప్ప పని తెరమీద ఏనుగంత సైజులో కనిపిస్తోంది. అది నాది అని చెప్పుకోవాలంటే ఎందుకు చేశాడో కూడా చెప్పాలి.

బయట వసారాలో కుర్రకారు దొర చుట్టూ మూగారు. మైకు పట్టుకున్న ఓ అమ్మాయి ముందుకొచ్చింది. "సార్, ఆ మౌనం మీకెలా తట్టింది?"

దొర కర్రమీద రెండు చేతులూ పెట్టుకుని కాసేపాగాడు. ఆగడం ఆయనకి వచ్చు. "ఎలా తట్టిందని చెప్పనమ్మా? ఆ రోజు పాడుతూ పాడుతూ ఉంటే లోపల ఏదో ఆగింది. మనిషి ఆగాడు, ప్రపంచం ఆగింది."

"చక్రం ఆగింది," అన్నాడు మెట్లాయన. అనుకున్నదానికంటే గట్టిగా వచ్చింది.

అందరూ తిరిగారు. దొర మొహమంతా నవ్వు చేసుకున్నాడు. "ఆఁ, ఈయన! మర్చేపోయాను. మా మెట్లు తోసింది ఈయనే. ఆ రోజు పాపం ఈయన చేతిలో చిన్న పొరపాటు జరిగి చక్రం ఇరుక్కుంది. ఆ పొరపాటునే నేను..."

"పొరపాటు కాదు."

"ఏమిటీ?"

"పొరపాటు కాదన్నాను."

మైకు మెట్లాయన వైపు తిరిగింది. "అంటే కావాలనే ఆపారా సార్? ఎందుకు?"

ఆయన నోరు తెరిచాడు. ఇంతమంది ముందు, ఆమె ముందు, ఏమని చెప్పడం? మైకు అలాగే ఉంది. ఎవరూ కదల్లేదు.

"చెప్పు పెట్టాడమ్మా," అంది భార్య.

చేతిసంచీలోంచి రుమాలు తీసి, కళ్లజోడు తుడుచుకుంటూ, కూరగాయల ధర చెప్పినంత తేలిగ్గా అంది. "చక్రం కింద కాలిచెప్పు తీసి పెట్టాడు. రబ్బరుది. నేను చూశాను."

"ఎందుకు పెట్టారమ్మా?"

"కుళ్లు."

"ఎవరి మీద?"

ఆమె కళ్లజోడు పెట్టుకుని దొరవైపు చూపించింది. "ఇదిగో, వీరి మీద. వీరు పైనుంటే ఈయనకి కిందుండబుద్ధి కాలేదు."

వసారా అంతా నవ్వు. మైకమ్మాయి కూడా నవ్వింది. మెట్లాయన నేల చీలితే బాగుండుననుకున్నాడు. కానీ అందరూ ఆయన్నే చూస్తున్నారు. బూట్ల వైపు కాదు, కర్ర వైపు కాదు. ఓ కుర్రవాడు, "అయితే సార్, ఆ సీను మీదన్నమాట!" అని చెయ్యి పట్టుకుని ఊపాడు. చేతిలో పిప్పరమెంటు బిళ్ల ఆ కుర్రవాడి అరచేతికి అంటుకుంది.

దొర అందరికంటే ఆఖర్న నవ్వాడు. జనం పలచబడ్డాక దగ్గరికొచ్చాడు. "నిజమేనా మెట్లూ?"

"నిజమేనండీ."

"దేవుడాపాడనుకున్నానయ్యా ఇన్నాళ్లూ," అన్నాడు. మొదటిసారి ఆ గొంతు మామూలు ముసలివాళ్ల గొంతులా ఉంది. "నువ్వా!" అని, కాస్త ఆగి, "ఈ ముక్క నాకు చెప్పకుండా ఉండాల్సింది," అన్నాడు. చూపు మాత్రం కుర్రకారు వైపుంది. ఆ చూపేంటో మెట్లాయన ఇట్టే గుర్తుపట్టాడు. చెక్కలో ముడి ఊడిన కన్నంలోంచి తను కుళ్లుకుంటూ చూసిన చూపే. సంతోషం వెయ్యాల్సింది. పిప్పరమెంటు అంటిన చేత్తో ఏం చెయ్యాలో తోచక చొక్కాకి తుడుచుకున్నాడు.

"ఇస్త్రీ చొక్కా అది," అంది భార్య.

బస్సులో ఇద్దరికీ చోటు దొరికింది. రెండు స్టాపులు దాటాయి.

"ఎప్పుడు చూశావు?" అన్నాడు చివరికి.

"ఆ రోజే. చూడకపోయినా తెలిసేది. ఒక్క చెప్పుతో కుంటుకుంటూ ఇంటికెళ్లావు కదా. దుస్తులగదిలో వారం రోజులు అదే నవ్వు."

"మరి ఇన్నాళ్లూ చెప్పలేదేం?"

"నువ్వు చెప్పావా?"

ఆయన కిటికీలోంచి చూశాడు. దుకాణాల షట్టర్లు దించుతున్నారు. ఇప్పుడు కాకపోతే ఇక అడగలేడు.

"మెట్లాగినప్పుడు అందరూ పైకి చూస్తున్నారు కదా. ఆయన్ని."

"ఊఁ."

"నువ్వు కిందికెందుకు చూశావు?"

"అంగీ కోసం. ఆయన అంగీ మడమలు దాటి వేలాడేది. రోజూ మెట్ల చక్రంలో పడుతుందేమోనని ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని చూసేదాన్ని. రెండుసార్లు చిరిగింది, రెండుసార్లూ తిట్లు నాకే."

మెట్లాయన మొహం మాడింది. "అయితే ఆయన అంగీ కోసమే."

"అంగీ కోసమే వంగాను. చక్రం పక్క సందులోంచి కనపడింది నువ్వు." ఆమె సంచీ ఒళ్లో సర్దుకుంది. "చీకట్లో దొంగపిల్లిలా ఒంటికాలి మీద కూర్చుని, చెప్పు దోపుతూ. మొహం చూడాలి నీది! ఇంతపని నాకోసం చేసేవాడు ఇంకెవడు దొరుకుతాడులే అనుకున్నా."

"మరి ఆయన పెళ్లి కుదిరిన వారమే 'సరే' అన్నావు."

"కుదిరిందా? ఆ వారమేనా?" అంది ఆమె. నిజంగానే గుర్తు చేసుకోవడానికి ప్రయత్నిస్తున్నట్టుంది. "నా ఇస్త్రీపెట్టె పిడి ఊడిపోయిన వారం కదూ అది? నువ్వు కొత్తది చెక్కి తెచ్చావు."

అది నిజమో అబద్ధమో ఆయనకి తేలలేదు. పిడి చెక్కిన మాట నిజమే. ఏ వారమో గుర్తులేదు. ఇన్నేళ్లూ ఒక వైపునే అంత గట్టిగా గుర్తుపెట్టుకుంటే రెండో వైపు ఎక్కడ మిగులుతుంది?

మరుసటి వారం ఆయనే అన్నాడు, "ఇంకోసారి చూద్దామా?" అని.

"మళ్లీనా? ఎవరి కోసం?"

"ఊరికే."

ఈసారి పిలుపులేదు, గంధం వాసన లేదు, తలకి రంగు లేదు. మధ్యాహ్నం ఆట, హాలు సగం ఖాళీ. ఆమె కూర్చుంటూనే చెప్పులు విప్పేసి కాళ్లు ముందు కుర్చీ కింద జాపుకుంది. ఆఖరి రంగం వచ్చేదాకా మెట్లాయన బుద్ధిగా తెరనే చూశాడు. కుర్రవాడు మెట్లెక్కడం మొదలెట్టాక మాత్రం తెర వదిలేశాడు. ఆ రోజు చెప్పు దోపే తొందర్లో ఆమె మొహం ఎటుందో చూడలేకపోయాడు. ఆయన చూడని క్షణం అదొక్కటే. ఇప్పుడు చూద్దామనుకున్నాడు.

పాట తెగింది. హాల్లో చప్పుడు లేదు. ముందు వరసలు, వెనక వరసలు, అందరి తలలూ పైకెత్తి ఉన్నాయి. తెర వెలుగు అందరి చెంపల మీదా పడుతోంది.

మెల్లిగా తల తిప్పాడు. పక్క కుర్చీలో ఆమె మొహం లేదు. నడుం వంచి, కుర్చీ కిందికి తల పెట్టి, చీకట్లో చేత్తో తడుముతోంది.

"ఏం చేస్తున్నావే? చూడవేం?" అన్నాడు రహస్యంగా.

"చూశాగా మొన్న," అంది కిందనుంచే. "జనం లేవకముందే చెప్పులు వెతుక్కోవద్దూ? ఒకటి దొరికింది. రెండోది ఎటు తన్నావో చూడు."

ఆయన కూడా వంగాడు.